ఒక బయోమెడికల్ సైంటిస్ట్ రీసెర్చ్ రికార్డ్‌ని మనమే లెక్కగట్టడం ఎలా: పేపర్ల లిస్ట్ నుంచి సైటేషన్ల దాకా

ఎవరైనా సైంటిస్ట్ ఎంత పని చేశారో చూడాలంటే చాలామంది చేసేది ఒకటే, గూగుల్ స్కాలర్‌లో పేరు కొట్టడం, కుడిపక్కన కనిపించే అంకెలు చూడడం, "హెచ్-ఇండెక్స్ 38 అంటండీ" (అంటే ఇతర పేపర్లు కనీసం 38 సార్లు ప్రస్తావించిన, అదే సైట్ చేసిన, పేపర్లు 38 ఉన్నాయని) అని పక్కవాళ్ళకి చెప్పేయడం. నేనూ కొన్నేళ్ళు అదే చేశా, దెబ్బ తగిలేదాకా. పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కునేవాళ్ళైనా, సెలెక్షన్ కమిటీలో కూర్చునేవాళ్ళైనా, సొంత సీవీ రెడీ చేసుకునేవాళ్ళైనా సరే, ఆ అంకె కింద ఏ లిస్ట్ ఉందో చూడకుండా వాడితే అది కాకిలెక్కే. నేను ఫాలో అయ్యే వరస ఇది: ముందు మనిషెవరో తేల్చడం, తర్వాత పేపర్ల లిస్ట్, తర్వాత ఆ పేపర్లలో ఆ మనిషి పాత్ర ఏంటో చూడడం, సైటేషన్లు ఆ తర్వాతే. ఒక్కొక్కరికి రెండు సాయంత్రాలు పడుతుంది, తక్కువలో అయిపోయిందంటే ఎక్కడో ఏదో వదిలేశారని అర్థం.

1వ స్టెప్: మనిషిని పట్టుకోండి

పబ్‌మెడ్ అనే బయోమెడికల్ పేపర్ల డేటాబేస్‌లో "వాంగ్ వై" అని కొట్టి చూడండి, వేలకి వేల పేపర్లు వచ్చి పడతాయి, అవన్నీ ఒక్కరివే కావు కదా. పైగా పబ్‌మెడ్‌లో 2002కి ముందు ఎక్కిన రికార్డుల్లో మామూలుగా ఇంటిపేరూ ఇనీషియల్సూ తప్ప పూర్తి పేరు ఉండదు. దానికి తోడు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకున్నవాళ్ళు, మధ్యలో ఒక ఇనీషియల్ ఒకసారి పెట్టి ఒకసారి వదిలేసేవాళ్ళు, పేరూ ఇంటిపేరూ తారుమారైపోయినవాళ్ళు.

అందుకే మొదట ఆర్కిడ్ ఐడీ ఉందేమో చూడండి. ఒక్కో రీసెర్చర్‌కి విడిగా ఇచ్చే 16 క్యారెక్టర్ల నంబర్ అది, 2012 అక్టోబర్‌లో మొదలైంది, చివరి అంకె దగ్గర ఒక్కోసారి ఎక్స్ కనిపిస్తుంది, టైపింగ్ మిస్టేక్ అనుకోకండి, అది చెక్ డిజిట్, నంబర్ తప్పు పడలేదని చూసుకోడానికి. అయితే ఆర్కిడ్ పేజీ నింపుకునేది ఎక్కువగా ఆ సైంటిస్టే, కొందరు ఐడీ తీసుకుని ఒక్క పేపర్ కూడా ఎక్కించకుండా వదిలేస్తారు, ఇంకొందరు డేటాబేస్ చూపించిన పేపర్లన్నిటికీ ఓకే కొట్టేస్తారు. కాబట్టి దాన్ని మొదలుపెట్టే చోటుగా వాడండి, సాక్ష్యంగా కాదు. స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్‌లోనూ ప్రతి రచయితకీ ఒక ఆథర్ ఐడీ ఉంటుంది, అది ఆటోమేటిగ్గా తయారవుతుంది, సంస్థ మారినప్పుడు ఒకే మనిషికి రెండు మూడు ఐడీలు పుట్టేస్తుంటాయి, అన్నీ వెతికి కలుపుకోవాలి.

దెబ్బ తగిలింది అన్నాగా, అది ఇక్కడే. ఒక కమిటీకి ఒక హార్ట్ రీసెర్చర్ రిపోర్ట్ ఇచ్చా, స్కాలర్ ప్రొఫైల్ ఉన్నదున్నట్టు దించేసి. మీటింగ్‌లో ఒకాయన తాపీగా "ఈవిడ దంతాల మీద కూడా పని చేస్తారా?" అని అడిగాడు. అదే పేరున్న ఒక డెంటిస్ట్ పేపర్లు 14 అందులో కలిసిపోయి ఉన్నాయి, స్కాలర్ కలిపింది, ఆవిడ చూసుకోలేదు, నేనూ చూడలేదు. ఆ రోజు నుంచి ప్రతి పేపర్‌కీ మూడు ప్రశ్నలు వేస్తా: సంస్థ పేరు కలుస్తోందా, కోఆథర్లలో తెలిసిన పేర్లు ఉన్నాయా, టాపిక్ కలుస్తోందా. మూడింట్లో రెండు కలిస్తే లిస్ట్‌లో ఉంచుతా, ఒక్కటే కలిస్తే పేపర్ పీడీఎఫ్ తెరిచి ఈమెయిల్ అడ్రస్ దాకా చూస్తా.

2వ స్టెప్: మూడు చోట్ల నుంచి లిస్ట్ లాగండి

ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. పీఎంఐడీ (పబ్‌మెడ్ ఇచ్చే నంబర్), డీఓఐ (పేపర్‌కి ఉండే శాశ్వత ఆన్‌లైన్ ఐడీ), సంవత్సరం, జర్నల్, పేపర్ రకం, రచయితల వరసలో స్థానం, మొత్తం రచయితలెందరు, సైటేషన్లు, సెల్ఫ్ సైటేషన్లు (తన పేపర్‌ని తనే సైట్ చేసుకున్నవి), చివర్లో నోట్స్ కోసం ఒక కాలమ్. ఈ నోట్స్ కాలమ్ మొదట్లో వేస్ట్ అనిపిస్తుంది, ఆఖరికి దాంతోనే ఎక్కువ పని పడుతుంది.

పబ్‌మెడ్ ఫ్రీ, బయోమెడికల్ వరకూ చాలా శుభ్రంగా ఉంటుంది, కాకపోతే అది సైటేషన్లు లెక్కబెట్టడానికి కట్టింది కాదు. స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ రెండూ జర్నళ్ళని ఏరి తీసుకుంటాయి, డబ్బు కట్టాలి, స్కోపస్‌లో ఆథర్ పేజీ పైపైన అయితే ఫ్రీగా కూడా చూడొచ్చు. వెబ్ ఆఫ్ సైన్స్‌లో ఇంకో కిటుకుంది, మీ సంస్థ ఏయే సంవత్సరాలకి సబ్‌స్క్రిప్షన్ కొందో ఆ పాతకాలం వరకే మీకు కనిపిస్తుంది, అంటే ఒకే మనిషికి రెండు సంస్థల్లో కూర్చుని చూస్తే రెండు హెచ్-ఇండెక్స్‌లు రావొచ్చు. గూగుల్ స్కాలర్ 2004 నుంచీ ఉంది, వలేస్తే చేపలతో పాటు చెప్పులూ పడ్డట్టు థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే ఆన్‌లైన్‌లో పెట్టేవి), పుస్తకాలు, ఎవరో ఎక్కడో పెట్టుకున్న పీడీఎఫ్‌లు అన్నీ పడతాయి, అందుకే అందులో అంకె దాదాపు ఎప్పుడూ పెద్దదే. డబ్బు కట్టలేనివాళ్ళకి ఓపెన్‌అలెక్స్ ఉంది, మైక్రోసాఫ్ట్ అకడమిక్ 2021 చివర్లో మూతపడ్డాక 2022లో మొదలైంది, ఫ్రీగా చూడొచ్చు, కాకపోతే ఒకే పేరున్నవాళ్ళని కలిపేసే జబ్బు దానికీ ఉంది.

వీటిల్లో మీకు అందిన మూడు చోట్ల నుంచి తీసిన లిస్టులూ ఒకే షీట్‌లో పోసి డీఓఐతో డూప్లికేట్లు తీసేయండి. అక్కడితో అయిపోయిందనుకోకండి. బయోఆర్కైవ్‌లో, మెడ్‌ఆర్కైవ్‌లో పెట్టిన ప్రీప్రింట్‌కి ఒక డీఓఐ, అదే పని జర్నల్‌లో వచ్చాక ఇంకో డీఓఐ, కాబట్టి ఫిల్టర్‌కి అవి దొరకవు, టైటిల్ చూసి చేత్తో కలపాలి, ఒక్కోసారి జర్నల్ వాళ్ళ పరిశీలనలో టైటిల్ కూడా మారిపోతుంది.

3వ స్టెప్: ఏది ఏ రకమో విడదీయండి

"200 పబ్లికేషన్లు" అంటే వినడానికి బానే ఉంటుంది, కానీ అందులో ఒరిజినల్ రీసెర్చ్ ఎంత, రివ్యూలెన్ని (అప్పటిదాకా వచ్చిన పేపర్లని సమీక్షించేవి), ఎడిటర్‌కి లెటర్లెన్ని, కేస్ రిపోర్టులెన్ని, కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టులెన్ని? పబ్‌మెడ్‌లో పబ్లికేషన్ టైప్ ఫిల్టర్ ఉంది, దాంతో సగం పని అయిపోతుంది. రివ్యూలని తప్పకుండా వేరే గుట్ట పెట్టండి, ఎందుకంటే ఒక రంగంలో పేపర్ రాసేవాళ్ళందరూ ఇంట్రడక్షన్‌లో ఒక రివ్యూని పడేస్తారు, అందుకే రివ్యూలకి సైటేషన్లు జోరుగా వస్తాయి. మంచి రివ్యూ రాయడం చిన్న పనని నేను అనను, కానీ ల్యాబ్‌లో అయిదేళ్ళు కష్టపడి తీసిన రిజల్ట్‌నీ దాన్నీ ఒకే గంపలో వేసి తూకం వెయ్యలేం.

ఇదే టైమ్‌లో రిట్రాక్ట్ అయిన, అంటే వెనక్కి తీసేసుకున్న పేపర్లు ఉన్నాయేమో చూడండి. పబ్‌మెడ్ ఆ ముద్ర పైనే వేస్తుంది. ఇలాంటి పేపర్లని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ వాళ్ళ డేటాబేస్‌ని 2023లో, డీఓఐలు ఇచ్చే క్రాస్‌రెఫ్ సంస్థ తీసుకుని అందరికీ ఫ్రీ చేసింది, అక్కడ కారణం కూడా రాసి ఉంటుంది. కారణం చదవకుండా తీర్పు చెప్పకండి, తమ తప్పు తామే పట్టుకుని పేపర్ వెనక్కి తీసుకున్నవాళ్ళూ ఉంటారు, వాళ్ళ మీద నాకైతే గౌరవం పెరుగుతుంది.

4వ స్టెప్: పేపర్‌లో ఆ మనిషి ఎక్కడ నిలబడ్డారు

బయోమెడికల్ ఫీల్డ్‌లో రచయితల వరసకి ఒక భాష ఉంది. మొదటి పేరు అంటే మామూలుగా బెంచ్ దగ్గర నిలబడి పని చేసినవాళ్ళు, చివరి పేరు అంటే ల్యాబ్ నడిపేవాళ్ళు, ఐడియా, డబ్బు, బాధ్యత వాళ్ళవి. కరెస్పాండింగ్ ఆథర్ ఎక్కువసార్లు ఆ చివరి మనిషే. మధ్యలో ఉన్న పేర్లు శాంపిల్ ఇచ్చినవాళ్ళ దగ్గర్నుంచి స్టాటిస్టిక్స్ మొత్తం మోసినవాళ్ళ దాకా ఎవరైనా కావొచ్చు. పేరు పక్కన నక్షత్రం గుర్తు పెట్టి "సమానంగా పనిచేశారు" అని రాస్తే రెండో పేరుని కూడా ఫస్ట్ ఆథర్‌గానే లెక్కేయండి, చాలామంది ఇది మర్చిపోయి ఒక మనిషికి అన్యాయం చేసేస్తారు.

ఇక్కడ నేను చూసేది వరసలో కదలిక. కెరీర్ మొదట్లో ఫస్ట్ ఆథర్ పేపర్లు, కొన్నాళ్ళకి రెండూ కలగలిసి, తర్వాత లాస్ట్ ఆథర్ పేపర్లు. ఈ మార్పు ఏ సంవత్సరం దగ్గర జరిగిందో చూస్తే ఆ మనిషి సొంత ల్యాబ్ ఎప్పుడు నిలదొక్కుకుందో కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది, ఏ హెచ్-ఇండెక్సూ ఇది చెప్పదు. పదిహేనేళ్ళ తర్వాత కూడా పాత గైడ్ పేరే చివర్లో ఉంటే సొంత లైన్ ఇంకా పడలేదేమో అని అడగాలి, అడగాలి అంతే, వాళ్ళ పరిస్థితులేంటో మనకి తెలీదు.

వందలమంది రచయితలున్న కన్సార్టియం పేపర్ల సంగతి వేరు. గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ లాంటి స్టడీల్లో ఒక్క పేపర్‌కే వేల సైటేషన్లు వస్తాయి, అందులో పేరున్న ప్రతి ఒక్కరి ఖాతాలోనూ అన్నీ జమవుతాయి. అందుకే లెక్క రెండుసార్లు వేయండి, కన్సార్టియం పేపర్లతో ఒకసారి, అవి లేకుండా ఒకసారి. ఒకరి విషయంలో ఆ తేడా చూసి నేను షీట్‌లో ఫార్ములా తప్పైందేమో అని పదే పదే చెక్ చేసుకున్నా. ఇంకోటి, పబ్‌మెడ్‌లో కొన్ని పేపర్ల కింద "కొలాబరేటర్స్" అని ఒక పొడవాటి లిస్ట్ ఉంటుంది, వాళ్ళు ఆ గ్రూప్‌లో పనిచేసినవాళ్ళు, రచయితలు కాదు.

ఎవరు రచయిత అనిపించుకోవచ్చో మెడికల్ జర్నల్ ఎడిటర్ల కమిటీ, అదే ఐసీఎంజేఈ, నాలుగు షరతులు పెట్టింది: పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాతలోనో దిద్దడంలోనో చెయ్యి పడాలి, చివరి వెర్షన్‌కి ఒప్పుకోవాలి, రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి కాదు. కొత్త పేపర్ల చివర్లో క్రెడిట్ అనే పద్ధతిలో 14 రకాల పాత్రల్లో ఎవరు ఏది చేశారో రాస్తున్నారు, ఆ చిన్న పేరా చదివితే మధ్యలో ఉన్న పేరు వెనకాల అసలు కథ బయటపడుతుంది.

5వ స్టెప్: ఇప్పుడు లెక్క, చేత్తో

హెచ్-ఇండెక్స్‌ని 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిసిస్ట్ ప్రతిపాదించాడు. ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి, దాని గుట్టు మొత్తం తెలిసిపోతుంది. ఒక సైంటిస్ట్‌కి 13 పేపర్లున్నాయి, సైటేషన్లు ఎక్కువ నుంచి తక్కువకి ఇలా ఉన్నాయనుకుందాం: 212, 96, 41, 30, 18, 11, 9, 8, 8, 6, 3, 1, 0. పైనుంచి నంబర్లు వేసుకుంటూ రండి. 8వ పేపర్‌కి 8 సైటేషన్లున్నాయి, సరిపోయింది. 9వ పేపర్‌కి కూడా 8 మాత్రమే ఉన్నాయి, చాల్లేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 8. పదీ అంతకంటే ఎక్కువ సైటేషన్లున్నవి ఆరు, అంటే స్కాలర్‌లో కనిపించే ఐ10 విలువ 6.

ఇప్పుడు ఆ 212 కాస్తా 2120 అయిందనుకోండి. హెచ్-ఇండెక్స్ 8, కదల్లేదు. అదే 8వ పేపర్‌కీ 9వ పేపర్‌కీ చెరో సైటేషన్ తగిలితే, రెండంటే రెండు, హెచ్-ఇండెక్స్ 9 అయిపోతుంది! సరిగ్గా ఆ గీత దగ్గరున్న పాత పేపర్లని తమ కొత్త పేపర్లలో తామే గుర్తుపెట్టుకుని మరీ సైట్ చేసేవాళ్ళు ఉన్నారు, తప్పు పట్టేంత కనిపించదు, అంకె మాత్రం పెరుగుతుంది. అందుకే సెల్ఫ్ సైటేషన్లు తీసేసి ఇంకోసారి వేయండి. పై లిస్ట్‌లో ఆ రెండు 8ల్లోనూ మూడేసి సొంతవే అనుకుంటే అవి 5, 5 అవుతాయి, హెచ్-ఇండెక్స్ 7కి దిగుతుంది. సెల్ఫ్ సైటేషన్ అసలే పాపమని కాదు, ఒకే లైన్‌లో ఏళ్ళ తరబడి పనిచేస్తే తన పాత పేపర్‌ని తనే చూపించుకోక తప్పదు, మోతాదు చూడాలంతే.

ఇదే లిస్ట్‌లో మొత్తం సైటేషన్లు 443, సగటు 34, సరిగ్గా మధ్యలో ఉన్న పేపర్‌కి మాత్రం 9. మొత్తంలో దాదాపు సగం ఒక్క పేపర్‌దే. రిపోర్ట్‌లో సగటు ఒక్కటే రాస్తే చదివేవాళ్ళని తప్పుదారి పట్టించినట్టే, మీడియన్, అంటే ఆ మధ్య పేపర్ అంకె, పక్కనే రాయండి.

కెరీర్ వయసు సంగతి కూడా ఉంది. ఏళ్ళు గడిచినంత మాత్రాన హెచ్-ఇండెక్స్ తగ్గదు, రీసెర్చ్ మానేసినా పెరగొచ్చు, కాబట్టి ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న ప్రొఫెసర్‌నీ ఎనిమిదేళ్ళ సర్వీసున్న అసిస్టెంట్ ప్రొఫెసర్‌నీ పక్కపక్కన పెట్టకూడదు. మొదటి పేపర్ వచ్చిన ఏడాది నుంచి ఎన్నేళ్ళయిందో దాంతో భాగించమని హిర్షే చెప్పాడు. ప్రసూతి సెలవులు, అనారోగ్యం, క్లినిక్ డ్యూటీలు ఉన్నవాళ్ళకి ఆ ఏళ్ళు తగ్గించి వేయండి, అడిగితే వాళ్ళే చెప్తారు.

6వ స్టెప్: ఫీల్డ్‌తో పోల్చండి

50 సైటేషన్లు ఎక్కువా తక్కువా? క్యాన్సర్ ఇమ్యునాలజీలో ఒక మాట, ఏదో అరుదైన పరాన్నజీవి మీద పనిచేసే పాతికమంది ప్రపంచంలో ఇంకో మాట. అందుకోసం అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వాళ్ళు ఐసైట్ అని ఒక ఫ్రీ టూల్ పెట్టారు. పీఎంఐడీలన్నీ అందులో పేస్ట్ చేస్తే ప్రతి పేపర్‌కీ రిలేటివ్ సైటేషన్ రేషియో, అంటే ఆర్‌సీఆర్ ఇస్తుంది. ఆ పేపర్‌తో పాటు కలిపి సైట్ అయ్యే పేపర్లని బట్టి దాని ఫీల్డ్ ఏదో లెక్కగట్టి, ఎన్‌ఐహెచ్ నిధులతో వచ్చిన పేపర్లతో పోలుస్తుంది, 1.0 అంటే వాటిల్లో మధ్యలో ఉన్న పేపర్ స్థాయి, 2.0 అంటే ఏడాదికి దానికి రెట్టింపు సైటేషన్లు వస్తున్నట్టు. ఈ పద్ధతి 2016లో పబ్లిష్ అయింది. స్కోపస్‌లో దీనికి చుట్టం లాంటిది ఎఫ్‌డబ్ల్యూసీఐ, అక్కడ 1 అంటే ప్రపంచ సగటు. రెండిట్లోనూ మరీ కొత్త పేపర్ల విలువలు గాల్లో దీపాలు, ఒకటి రెండు సైటేషన్లకే ఎగిరిపడతాయి, నేనైతే రెండేళ్ళు నిండనివి పక్కన పెట్టేస్తా.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ని మాత్రం మనిషికి అంటగట్టకండి. అది జర్నల్ సగటు, గత రెండేళ్ళ పేపర్లకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లని పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. యాక్టా క్రిస్టలోగ్రాఫికా ఏ అనే జర్నల్‌కి 2008లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2 చిల్లర, 2009లో దాదాపు 50! ఏంటా అని చూస్తే షెల్‌ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ గురించి జార్జ్ షెల్‌డ్రిక్ 2008లో రాసిన ఒక్క పేపర్‌కి వేల సైటేషన్లు. అందులో రాసిన మిగతావాళ్ళ పేపర్లు రాత్రికి రాత్రి పాతిక రెట్లు గొప్పవైపోలేదు కదా. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా డిక్లరేషన్ కూడా ఇదే చెప్తుంది, మనుషుల్ని అంచనా వేయడానికి జర్నల్ అంకె వాడొద్దని.

"టాప్ 2 పర్సెంట్ సైంటిస్ట్" అని కనిపిస్తే కెరీర్ మొత్తం లిస్టా ఒక్క సంవత్సరం లిస్టా అని అడగండి, రెండూ వేర్వేరు, చెప్పేవాళ్ళు మాత్రం చెప్పరు. స్టాన్‌ఫోర్డ్ ప్రొఫెసర్ జాన్ అయోనిడిస్ టీమ్ స్కోపస్ డేటాతో తయారుచేసే ఆ లిస్ట్‌లో ఆరు కొలతలు కలిపి ఒక స్కోర్ వేస్తారు, రచయిత స్థానాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు, సెల్ఫ్ సైటేషన్లు తీసేసిన ర్యాంక్ కూడా ఇస్తారు. ఫైల్ ఫ్రీగా దొరుకుతుంది, డౌన్‌లోడ్ చేసి ఆ వరుస మీరే చూడండి.

7వ స్టెప్: సైటేషన్లు తెరిచి చదవండి

అందరూ వదిలేసే స్టెప్ ఇదే, నాకు ఇష్టమైనదీ ఇదే. పైనున్న అయిదు పేపర్లు తీసుకుని, ఒక్కోదాన్ని సైట్ చేసిన పేపర్లలో ఓ పదింటిని తెరిచి, ఆ సైటేషన్ ఎక్కడ పడిందో చూడండి. ఇంట్రడక్షన్‌లో నలుగురితో పాటు బ్రాకెట్‌లో పడిందా, మెథడ్స్‌లోనా, లేక డిస్కషన్‌లో దాని గురించి ఒక పేరా మొత్తం రాశారా?

ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద ఆలివర్ లోరీ 1951లో రాసిన పేపర్‌కి 3 లక్షలకి పైగా సైటేషన్లున్నాయి, సైన్స్ చరిత్రలోనే టాప్ అని చెప్తారు, అదేమంత గొప్ప పేపర్ కాదని లోరీయే తర్వాత రాసుకున్నాడు. అది అందరికీ పనికొచ్చే పద్ధతి, మెథడ్స్ సెక్షన్‌లో వాడుకున్నారు, అంతే. ఇటు చివర చూస్తే 1998లో లాన్సెట్‌లో వచ్చిన వేక్‌ఫీల్డ్ వ్యాక్సిన్-ఆటిజం పేపర్, 2010లో రిట్రాక్ట్ చేశారు, దానికీ సైటేషన్లు బోలెడు, చాలావరకు అది తప్పని చెప్పడానికే! లెక్కలో మాత్రం తిట్టూ పొగడ్తా రెండూ ఒకటే.

తక్కువ సైటేషన్లున్నవాటిని కూడా ఒకసారి తిరగేయండి. కటలిన్ కరికో, డ్రూ వైస్‌మన్ ఆర్‌ఎన్‌ఏలో మార్పు చేస్తే ఇమ్యూన్ సిస్టమ్ రెచ్చిపోదని చూపించిన పేపర్ 2005లో ఇమ్యూనిటీ జర్నల్‌లో వచ్చింది, అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, కోవిడ్ టీకాల తర్వాత 2023లో నోబెల్ వచ్చింది. 2008లో కూర్చుని ఆ సీవీని అంకెలతో కొలిచిన మనిషి ఏం రాసి ఉండేవాడో ఊహించుకోండి.

8వ స్టెప్: సైటేషన్లలో దొరకనివి

ఇది త్వరగా అయిపోతుంది. ఐసైట్‌లోనే ట్రాన్స్‌లేషన్ అని ఒక ట్యాబ్ ఉంది, ఏ పేపర్‌ని క్లినికల్ ట్రయల్స్, గైడ్‌లైన్స్ సైట్ చేశాయో చూపిస్తుంది, పనంతా మనుషుల మీదా, జంతువుల మీదా, కణాల స్థాయిలోనా అన్నది ఒక త్రికోణంలో చుక్కలుగా వేస్తుంది. ఒక ట్రీట్‌మెంట్ గైడ్‌లైన్‌లో పడిన ఒక్క సైటేషన్ నా దృష్టిలో వంద ఇంట్రడక్షన్ సైటేషన్లకి సమానం. ట్రయల్స్ కోసం క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్, పేటెంట్ల కోసం గూగుల్ పేటెంట్స్, ఇంకా అందరికీ ఇచ్చిన డేటాసెట్లు, సాఫ్ట్‌వేర్, ల్యాబ్ నుంచి బయటికెళ్ళిన స్టూడెంట్లు ఇప్పుడెక్కడున్నారన్నది, ఇవన్నీ నోట్స్ కాలమ్‌లోకి.

9వ స్టెప్: రాసేటప్పుడు

ప్రతి అంకె పక్కన డేటాబేస్ పేరు, చూసిన తేదీ ఉండాలి. "హెచ్-ఇండెక్స్ 24" అని కాకుండా "స్కోపస్‌లో ఫలానా తేదీన 24, సెల్ఫ్ సైటేషన్లు తీసేస్తే 21, కన్సార్టియం పేపర్లు రెండు తీసేస్తే 20" అని రాయండి. వాటి కింద అయిదు పేపర్లు, ఒక్కోదానికి రెండు వాక్యాలు, ఏం కనుక్కున్నారు, ఆ మనిషి పాత్ర ఏంటి. స్పైడర్ చార్టులు, రంగురంగుల డాష్‌బోర్డులు పెట్టకండి, ఎవరూ చదవరు.

పంపేముందు, కుదిరితే, ఆ సైంటిస్ట్‌కే లిస్ట్ ఒకసారి చూపించండి, అంకెలు కాదు, పేపర్ల లిస్ట్ మాత్రమే. పోయినసారి ఒకావిడకి పంపిస్తే పది నిమిషాల్లో రిప్లై వచ్చింది, "పెళ్ళికి ముందు ఇంటిపేరుతో రాసినవి రెండు లేవండీ" అని. వెతికితే దొరికాయి, ఆవిడ పేపర్లన్నిట్లోకీ ఎక్కువ సైటేషన్లున్నది ఆ రెండిట్లో ఒకటి.